రాజవీధి – పాదచారి

జగిత్యాలలో బస్సు దిగి గడియార స్తంభము వైపు నడచు మనిషిని ఎప్పుడైనను గమనించితిరా? అతని చూపు స్తంభము మీద నిలువదు. నిలుచుటకు వీలు లేదు. ముందు ఒక ఆటో ఆగియుండును. దాని ప్రక్కన జామకాయల బండి. బండిని తప్పించుకొని దుకాణముల అంచున నడుతమన్నచో అచ్చట ప్లాస్టిక్ బిందెలు, కుర్చీలు దొంతరలుగా పేర్చియుండును. ఇక మిగిలినది నడివీధి. అందులోనికి దిగినవానిని వెనుక నుండి లారీ హారను హెచ్చరించును. చంకన బిడ్డను, చేత సంచిని మోయు తల్లికి, కర్ర ఊతతో సాగు ముదుసలికి ఆ రెండు ఫర్లాంగుల నడక నిత్యము ఎదురగు పరీక్ష.

ఆ పట్టణపు ప్రధాన వీధిని యావర్ రోడ్డు అందురు. దానిని నూరడుగులకు వెడల్పు చేయవలెనను మాట ఏండ్ల తరబడి నలుగుచున్నది. ఎన్నికల సభలలో ఆ మాట వచ్చును. పురపాలక సంఘములో వచ్చును. టీ కొట్టు దగ్గర సరే సరి. వెడల్పు చేసినచో ఎవరి గోడ పోవును, ఎవరికి ఎంత పరిహారము ముట్టును అను చర్చ న్యాయమైనదే. పోవు గోడ వెనుక మూడు తరముల వ్యాపార ముండవచ్చును. కాని ఆ నూరడుగులలో నడచువాని వాటా ఎన్ని అడుగులు అను ప్రశ్న మాత్రము నా చెవిని పడలేదు. ఆ ప్రశ్న కొరకే ఈ ప్రసంగము.

సమాధానము వెదకుటకు శ్రోతలను కొంతసేపు హైదరాబాదునకు తీసికొని పోయెదను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వారికి ఆ నగరము కొత్త కాదు. పెండ్లి గాజులకు లాడ్ బజారు, పట్టుచీరలకు, ముత్యములకు పత్తర్‌గట్టి మనవారు తరతరములుగా ఎరిగిన అంగళ్లు. అచ్చటి ప్రధాన వీధి నాలుగు వందల యేండ్లకు పైబడిన తన ఆయుష్షులో ఒకమారు నడచువాని కొరకు పుట్టి, ఒకమారు బండ్లకు చిక్కి, మరల నడచువాని చేతికి వచ్చుటకు ప్రయత్నించుచున్నది. వీధి విషయమున తొందరపడు పట్టణము ఏదైనను ఆ కథను వినవలసియున్నది.

1591లో గోలకొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీ నదికి దక్షిణపు టొడ్డున కొత్త నగరమునకు పునాది వేసెను. గోలకొండ కోట లోపల జనము క్రిక్కిరిసి, నీటికి కరవై, ఊపిరి సలుపని స్థితి వచ్చియుండెను. నగర నిర్మాణమును ప్రధాని మీర్ మోమిన్ అస్తరాబాదీ నడిపెనని చరిత్రకారులు చెప్పుదురు. ఆయన చేసిన పనిలోని విశేషమును మనము సాధారణముగా గుర్తింపము. రాజధానిని కట్టినవారు నడుమ కోటను గాని, ఆలయమును గాని, మసీదును గాని నిలుపుట వాడుక. ఇచ్చట నడుమ నిలిచినది కూడలి. గోలకొండ నుండి తూర్పుగా మచిలీపట్నము రేవునకు పోవు వర్తకుల బాటను, ఉత్తర దక్షిణముల వీధి ఖండించిన చోట చార్మినారును ఎత్తిరి. 48.7 మీటరుల ఎత్తు గల ఆ కట్టడములో మసీదు లేకపోలేదు. దానిని పై అంతస్తునకు చేర్చిరి. నేల మీది భాగమును నాలుగు తోరణములుగా తెరచి బాటసారికి విడిచిరి.

అచటికి ఉత్తరమున కొద్ది దూరములో, మరుసటి సంవత్సరము, నాలుగు పెద్ద కమానులు లేచినవి. ఉత్తరమున మచిలీ కమాను, తూర్పున కాలీ కమాను, దక్షిణమున చార్మినారు కమాను, పడమట రాజభవనముల వైపు షేర్-ఎ-బాతిల్ కమాను. వాటి నడుమ జిలూఖానా అను విశాలమైన ఆవరణము. ఆవరణము నడుమ నేడు గుల్జార్ హౌజు అని పిలువబడు నీటి కొలను. రాజు వెడలునప్పుడు సేనలు బారులు తీరుటకును, రాజు లేనప్పుడు జనులు నీళ్ల దగ్గర నిలిచి మాట్లాడుకొనుటకును అది పనికి వచ్చెను. వీధి అనగా పోవు దారి మాత్రమే కాదనియు, ఆగుచోటు కూడ ననియు ఆ నిర్మాతలు ఎరుగుదురు. గాడిద, గుఱ్ఱము, ఒంటె, పల్లకి, ఎడ్లబండి, వీటి వేగము మనిషి నడక కంటె ఎంతో హెచ్చు కాదు. అందుచేత ఒకే వీధిలో అందరికి చోటు దొరకెను.

ఆ కాలమున అంతయు స్వర్గమే యని నేను చెప్పను. పదునేడవ శతాబ్దమున వచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే నగర వీధులు విశాలములని మెచ్చుకొనుచునే, రాతిపరుపు లేనందున వేసవిలో దుమ్ము బాధించునని విసుగుకొనెను. ఆ విసుగు వినుటకు ఎంత చనువుగా నున్నది!

1687లో మొగలుల విజయముతో కుతుబ్ షాహీల యుగము ముగిసెను. అటుతరువాత నగరమునకు ప్రాకారము వచ్చెను, ద్వారములు వచ్చెను, ఆసఫ్‌జాహీల పాలన వచ్చెను. వీధి మాత్రము ఉన్నచోటనే యుండి మెల్లగా ఇరుకైనది. అంగడివాడు ఏటికొక జానెడు ముందుకు జరుగుట మన దేశమున ప్రకృతి ధర్మము వంటిది. కథ మలుపు తిరిగినది 1908 సెప్టెంబరు 28వ తేదీన. మూసీ పొంగి నగరమును ముంచివేసెను. వేలాది ప్రాణములు పోయినవి. మరుసటి యేట మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించిరి. ఆయన వరదను ఆపు జలాశయములకు, మురుగు పారుదలకు పథకములు వేసెను. వాటి ఫలముగా ఉస్మాన్ సాగరము 1920లోను, హిమాయత్ సాగరము 1927లోను పూర్తియైనవి.

1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడెను. ఇరుకు పేటలను విప్పుట, దారులను వెడల్పు చేయుట, బీదలకు ఇండ్లు కట్టుట దాని పనులు. పత్తర్‌గట్టి నేడు మనకు కనబడు రూపము ఆ మండలి ప్రసాదమే. పేరునకు తగినట్లు అది రాతి వీధి. రెండు వైపుల ఒకే తీరున నల్లరాతి ముఖములు, తోరణముల వరుస, తోరణముల వెనుక కప్పు గల నడవ, నడవ లోపల దుకాణములు. వీధిని వెడల్పు చేసినవారు వాహనమునకు నడివీధిని ఇచ్చి, నడచువానికి ఎండవానల నుండి నీడ గల దారిని ఇచ్చిరి. మోటారుకారు ఇంకను వింతగా నున్న దినములలో చేసిన పని అది. యావర్ రోడ్డు గూర్చి మాట్లాడువారు ఒకసారి ఆ నడవలో మొదటి నుండి చివరి దాక నడచిరావలెనని నా కోరిక. నేడు పూర్తిగా నడువజాలరనుకొనుడు; సగము దూరము వస్త్రముల మూటలు, బొమ్మలకు తొడిగిన అంగీలు అడ్డువచ్చును. అయినను కొలత తెలియును.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట బండ్లు పెరిగినవి. రాకపోకలకు అడ్డమని ప్రాకార ద్వారములను ఒక్కటొక్కటిగా పడగొట్టిరి. నేటికి మిగిలినవి పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా. చార్మినారును పడగొట్టుట సాధ్యము కాదు గనుక దానిని వాహనములు చుట్టివచ్చు దిమ్మెగా మార్చిరి. నా చిన్నతనమున మా నాయన వెంట తొలిసారి అచటికి పోయినప్పుడు ఆ కట్టడమును కన్నులార చూడనే లేదు. ఆయన నా మణికట్టు పట్టుకొని, బస్సులకు, రిక్షాలకు నడుమ ఒక సందు చూచి పరుగెత్తించెను. లాడ్ బజారు మొగదల చేరిన తరువాత వెనుదిరిగి చూచితిని. పొగలో నాలుగు మినారులు. 1591లో బాటసారి కొరకు తెరచిన తోరణములలోనికి బాటసారి పోవుటకు దారి లేకపోయెను. ఆ పొగ, ఆ అదురు కట్టడము మీదను పనిచేసినవి. 2019 మే మాసమున ఒక మినారు నుండి గచ్చు పెళ్ల ఊడి క్రింద పడినప్పుడు నగరమంతయు ఉలికిపడెను.

ఇది మన ఒక్కరి అవస్థ కాదు. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెనులో స్ట్రాయెట్ అను అంగడి వీధిని 1962 నవంబరులో వాహనములకు మూసివైచిరి. వర్తకులు గగ్గోలు పెట్టిరి. చలిదేశపు జనులము, వీధిలో తీరికగా తిరుగుటకు మనమేమి ఇటలీవారమా అని వాదించిరి. తీరా చూచినచో జనము పెరిగెను, బేరము పెరిగెను, ఆ యేర్పాటు శాశ్వతమాయెను. మన దేశమున ఢిల్లీ చాందినీ చౌక్‌లో ఎర్రకోట నుండి ఫతేపురి మసీదు వరకు గల వీధిని 2021లో పునర్నిర్మించి, పగటివేళ మోటారు వాహనములను నిషేధించిరి. మన తీరమున విశాఖపట్టణపు బీచి రోడ్డును తెల్లవారుజామున కొన్ని గంటలు వాహనములకు మూసి నడచువారికి ఇచ్చు ఆచారము కలదు. సముద్రము ఎదుట నున్నప్పుడు ఆ పని సులభము. ఒక ప్రక్కన దుకాణములు లేవు. తెల్లవారుజామున బేరము లేదు. చూడవచ్చినవాని కన్ను ఎటు పోవలెనో అలయే చెప్పును. సముద్రము లేని ఊరిలో, రెండు వైపుల అంగళ్లు గల వీధిలో, పట్టపగలు ఆ పని చేయుట కష్టము. చార్మినారు ఎదుర్కొన్నది ఆ కష్టమునే.

చార్మినారు పాదచారుల పథకమను మాట మొదట వినబడినది 1990ల చివర. అది రూపము ధరించుటకు ఇంచుమించు ఇరువది యేండ్లు పట్టెను. ఆలస్యమునకు అధికారులను దూషించుట తేలిక. నిజమునకు చిక్కు వీధిలోనే యున్నది. చార్మినారు చుట్టును వాహనములను ఆపినచో శాలిబండ వైపు పోవు బస్సు ఎటు పోవలెను? దానికి చుట్టుదారి కావలెను. చుట్టుదారి వేయుటకు పాత ఇండ్లు పోవలెను. ఇండ్లు పోవుటకు పరిహారము, న్యాయస్థానము, మరల పరిహారము. నడచువానికి పది గజముల చోటు ఇచ్చుటకు పట్టణపు మరియొక మూల బండికి ఒక మైలు దారి ఇయ్యవలసి వచ్చెను. ఈ సంగతి మొదటనే తెలిసికొనకపోవుటచేత పథకము పలుమారులు ఆగెను. వర్తకులకు వేరు సందేహము: కారు దిగి నేరుగా అంగడి మెట్టెక్కు కొనుగోలుదారుడు నడచి రాగలడా? పెండ్లి సామాను మోసికొని పోగలడా? అది తీసివేయదగిన సందేహము కాదు.

కట్టకడపట 2017–18 ప్రాంతమున చార్మినారు చుట్టును నల్లరాతి పలకలు పరచి, వాహనములను దూరముగా మళ్లించిరి. 2021 అక్టోబరు 17, ఆదివారము నాడు అచ్చట ‘ఏక్ షామ్ చార్మినార్ కే నామ్’ అను సాయంకాలపు వేడుకను ఆరంభించిరి. వేలాది కుటుంబములు వచ్చి ఆ రాతిపరుపు మీద కూర్చుండిరి. పాతబస్తీ స్త్రీలు పిల్లలతో రాత్రివేళ నడివీధిలో కూర్చుండి కబుర్లాడుట చూచినవారికి జిలూఖానా జ్ఞప్తికి వచ్చియుండును. లాడ్ బజారు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించెను. ఆ గాజులను చేయుచుండగా చూచుటకు మనిషి ఆగవలెను, ఆగుటకు చోటుండవలెను.

పథకములోని లోపమును కూడ చెప్పవలసియున్నది. రాళ్లు పరచినవారు తోపుడు బండ్లవారిని మొదట లెక్కలోనికి తీసికొనలేదు. పండ్లు, గాజులు, చెప్పులు, అత్తరు అమ్మువారు ఖాళీయైన చోటును చూచి వచ్చిరి, పోలీసులు తరిమిరి, మరల వచ్చిరి. 2014లో వచ్చిన వీధి వర్తకుల చట్టము ఈ విషయమున స్పష్టముగానే యున్నది. ప్రతి పట్టణమునకు ఒక వర్తక సంఘముండవలెను. అందులో నూటికి నలుబదిమందికి తక్కువ కాకుండ వీధి వర్తకుల ప్రతినిధులే యుండవలెను. వారిలో మూడవ వంతు స్త్రీలు. ఐదేండ్లకొకసారి లెక్క తీయవలెను. లెక్క తేలక పూర్వము ఎవ్వరిని తొలగింపరాదు. చట్టములో నున్నది వీధిలో కనబడుటకు ఎన్ని దినములు పట్టునో శ్రోతలకు చెప్పవలసిన పని లేదు.

ఇంకొక సంగతి. 2025 మే 18న గుల్జార్ హౌజు దగ్గర ఒక పాత భవనములో నిప్పంటుకొని 17 మంది మరణించిరి. వారిలో పసిబిడ్డలు కలరు. ఆ యింటికి పోవు దారి మిక్కిలి ఇరుకు. వీధి ముఖమునకు రంగులు వేసి, దీపములు అమర్చి, అతిథికి అందముగా చూపుటలో తప్పు లేదు. ఆ ముఖము వెనుక అంగడి పైన కాపురమున్నవారు బయటపడు త్రోవ కూడ వీధి పథకములోని భాగమే యని ఆ ఉదయము తెలియజెప్పెను. నడచువారి వీధి యని స్తంభములు పాతి దారిని పూర్తిగా బిగించుటకు వీలు లేదు; నిప్పునార్పు బండి రావలెను, రోగిని మోయు బండి రావలెను.

ఇప్పుడు మన ఊళ్లకు తిరిగి వత్తము.

జగిత్యాల కోటను 1747లో ఎలగందుల పాలకుడు ఇబ్రహీం ఖాన్ ధంసా కట్టించెను. నక్షత్రాకారపు ఆ కోటకు ఫ్రెంచి ఇంజనీర్లు పనిచేసిరందురు. జాక్, తాల్ అను వారిద్దరి పేర్లే కలిసి జగిత్యాల యైనదను కథ కూడ కలదు. వినుటకు బాగుండును, నమ్ముటకు నాకు మనసొప్పదు. కోట నేటికిని కందకముతో నిలిచియున్నది. పట్టణమునకు వచ్చిన అతిథికి చూపదగినది అంతకు మించినది లేదు. గడియార స్తంభము నుండి కోట దాక ఒక ముసలివాడు తొట్రుపడక నడచిపోగల దారి ఉన్నదా? 2023 జనవరిలో పట్టణ బృహత్ ప్రణాళిక ముసాయిదాను చుట్టుపట్ల గ్రామముల రైతులు ఎదిరించగా పురపాలక సంఘము రద్దు చేసెను. పొలము పోవునని రైతు లేచి నిలిచెను. అది వాని హక్కు. నడచువానికి పోవు పొలము లేదు గనుక వాని తరపున లేచువాడు కనబడుట లేదు.

కోరుట్ల సంగతి వేరు. నిజామాబాదు నుండి జగిత్యాల మీదుగా పోవు 63వ నెంబరు జాతీయ రహదారియే ఆ ఊరి అంగడి వీధి. పసుపు లారీకి, బడి పిల్లవానికి, బీడీల గంప మోయు స్త్రీకి ఒకటే దారి. అచ్చట చార్మినారు పాఠము నేరుగా పనికి వచ్చును: దూరపు బండికి ఊరి వెలుపల దారి దొరకువరకు ఊరి లోపల ఎంత వెడల్పు చేసినను ఆ వెడల్పును వేగమే మ్రింగును.

సిరిసిల్లలో సాంచెల చప్పుడు ఆగి పాళీ మారువేళ వీధి నిండ మనుషులే. కాలినడకను, సైకిళ్ల మీదను పోవు ఆ కార్మికుల కంటె హెచ్చుగా వీధిని వాడువారు లేరు. 2021 సెప్టెంబరులో భారీ వానలకు పై చెరువులు పొర్లి ఆ పట్టణపు వీధులలో నీరు ఏరులై పారెను. విశ్వేశ్వరయ్య హైదరాబాదునకు దారితో పాటు కాలువను గూర్చి చెప్పుట ఊరక కాదు. ఆ జిల్లాలోనే వేములవాడలో రాజరాజేశ్వర స్వామి ఆలయమునకు పోవు దారిని విస్తరించుటకు 2025లో అటునిటు కట్టడములను తొలగించిరి. శివరాత్రికి అచ్చటికి వచ్చు లక్షలాది జనము చివరి మైలు నడచియే వచ్చెదరు. దేశమున నడచువారికే చెందిన వీధి యేదని యెవరైన అడిగినచో యాత్రాస్థలపు వీధినే ముందుగా చూపవలెను. వెడల్పైన ఆ దారిలో చెప్పులు లేని కాళ్లకు నీడ ఎచ్చట, నీళ్లెచ్చట, కొబ్బరికాయల బండి ఎచ్చట అనునవి ఇంకను నిర్ణయించుటకు వ్యవధి యున్నది.

కొలతలు మనకు తెలియనివి కావు. భారత రహదారుల సంఘము 2012లో ప్రకటించిన నియమముల ప్రకారము కాలిబాటకు అడ్డులేని వెడల్పు కనీసము 1.8 మీటరులు, అనగా సుమారు ఆరడుగులు. అంగడి వీధిలో అంతకు మించి యుండవలెను. దాని అంచు ఎత్తు 150 మిల్లీమీటరులకు, అనగా ఆరంగుళములకు మించరాదు. ఏల ననగా మోకాటి నొప్పి గల మనిషి ఎక్కవలెను, దిగవలెను. మన ఊళ్లలో కాలిబాట యని కట్టినచోట్ల ఆ ఎత్తు అడుగున్నర యుండును. దాని నెక్కుట కంటె లారీకి ఎదురు పోవుట మేలని జనులు తీర్మానించుకొందురు. పిమ్మట జనులకు క్రమశిక్షణ లేదని వ్యాసములు వెలువడును. నూరడుగుల వీధిలో రెండు ప్రక్కల పదేసి అడుగులు నడకకు, దాని వెంబడి చెట్టునకు, తోపుడు బండికి మరి ఐదేసి అడుగులు విడిచినను బండ్లకు డెబ్బది అడుగులు మిగులును. డెబ్బది అడుగులు చాలని బండ్లు జగిత్యాలలో ఉన్నవా?

పోయిన చలికాలమున ఒక ఆదివారము సాయంకాలము చార్మినారు దగ్గర చాలసేపు కూర్చుంటిని. తోరణము క్రింద పిల్లలు బంతి ఆడుచుండిరి. ప్రక్కన పల్లీల తట్ట పెట్టుకొన్న స్త్రీ మాట తీరు మన వైపుది. ఏ ఊరమ్మా అని అడిగితిని. వేములవాడ దగ్గర పల్లె యని చెప్పెను. బండ్లను ఆపినందున బేరము పెరిగెనా తగ్గెనా అంటిని.

“పెరిగింది బాపూ. బండ్లు లేకుంటే జనం నిలవడతరు, నిలవడితే కొంటరు. గని నేను నిలవడితే మాత్రం పోలీసాయన ఊకోడు. గా రాళ్ల మీద అందరు కూసోవచ్చునట, తట్ట కూసోవద్దట.”

అంతలో దూరముగా విజిలు వినబడెను. ఆమె తట్టను నెత్తికెత్తుకొని కాలీ కమాను వైపు నడచిపోయెను. నాకు ఇయ్యవలసిన చిల్లర ఇచ్చుట మాత్రము మరువలేదు.